ఉత్త గిన్నె పోనియ్యని సాలవ్వ

నిన్న పొద్దున మనవరాలు ఒక స్టీలు గిన్నె కడిగి గడప పక్కన బండ మీద పెట్టింది. ఠంగుమని మోగింది. నిండు గిన్నె అలా మోగదు. లోపల ఏమీ లేని గిన్నెకే ఆ గొంతు ఉంటుంది. ఆ చప్పుడు చెవిన పడితే ఈ వయసులో కూడా నేను కూర్చున్న చోట కూర్చోలేను. "యాడికే ఆ గిన్నె?" అన్నాను. "పక్కింటి ఆంటీ మొన్న కేకు పెట్టి పంపింది గద నానమ్మా, ఇచ్చొస్త" అంది. "ఉత్తదా?" అన్నాను. "ఉత్తదెందుకు, మంచిగ సబ్బు పెట్టి తోమిన" అంది ఆ పిల్ల. నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే గిన్నె లాక్కుని లోపలికి వెళ్లాను. ఎందుకు లాక్కున్నానో చెప్పాలంటే సాలవ్వ గురించి చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి నేను చెబుతుంటే ఆ మనవరాలే రాస్తోంది. సాలవ్వను అది చూడలేదు. మీరూ చూడలేదు. చూసినవాళ్లం ఇప్పుడు ఎంతోమందిమి లేము.

సాలవ్వ మాకు చుట్టం కాదు. బోధన్ దాటి ఎడపల్లి వైపు వచ్చే బండ్ల బాట పక్కన మా వాడ ఉండేది. అన్నీ మట్టిగోడల ఇళ్లు, సగం ఇళ్లు చర్చికి పోయేవాళ్లవి. మా గోడకు ఆనుకుని ఆమె గోడ. బాప్తిస్మంలో సలోమి అని పేరు పెట్టారట, వాడ నోట్లో అది సాలవ్వ అయింది. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. చలికాలమంతా ఒక రైతు గానుగ దగ్గర బెల్లం వండేది. ఎద్దులు తిరిగి చెరుకు రసం తీస్తుంటే, పెద్ద పెనం కింద పిప్పి ఎగదోస్తూ, రసం కాగి పాకమయ్యేదాకా తెడ్డుతో తిప్పుతూ నిలబడేది. పాకం చిట్లి చేతుల మీద పడి మోచేతుల దాకా తెల్లని మచ్చలుండేవి. నోట్లో చుట్ట, మాటలో కారం. ఆమె ఎవరినైనా ఓదార్చగా నేను వినలేదు.

నాకు ముగ్గురు పిల్లలు. పెద్దది సుశీలకు ఎనిమిదేళ్లు, ప్రభుకు ఆరు, చిన్నది మణికి మూడు. అరవైల చివర ఒక వానకాలం మా ఆయన జ్వరంతో పడుకుని లేవలేదు. చెరుకు బండి తోలే మనిషి, ఎద్దుల కన్నా గట్టిగా ఉండేవాడు. ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం ఇది. చెరుకు నరకడం మొదలైంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కూయగానే బాట నిండా బండ్ల వరస. నేను చీకటి విచ్చకముందే కొడవలి పట్టుకుని పోయేదాన్ని. పిల్లలు బడికి పోయేవాళ్లు.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కించరు. పండుగ వచ్చినా గరిజెలు, మురుకులు వండరు. చర్చి అయ్యగారు అవన్నీ గ్రంథంలో లేవని ఎన్నోసార్లు చెప్పారు. మా వాడ శ్రద్ధగా విని, ఇంటికొచ్చి పాత పద్ధతే నడిపేది. ఆ ఇంటికి ఇరుగుపొరుగు వాళ్లే గిన్నెల్లో పెట్టి పంపుతారు. మామూలు రోజుల్లో పంపిన గిన్నె ఉత్తగా తిరిగి రాదు. కనీసం పిడికెడు పప్పో, రెండు మిరపకాయలో వేసి ఇస్తారు. చావు ఇంటికి మాత్రం ఆ లెక్క లేదు. కడిగి ఇస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరూ ఏమీ అనుకోకపోవడమే నాకు కష్టంగా ఉండేది. వానకాలం నుంచీ మా ఇంటికి గిన్నెలు వస్తూనే ఉన్నాయి. సుశీల వాటిని కడిగి తీసుకుపోయేది. ఇంటివాళ్ల చేతికి ఇవ్వదు. వాళ్ల గడప మీద పెట్టి పరుగెత్తుకొచ్చేది. పెట్టగానే గిన్నె ఠంగుమనేది. ఆ చప్పుడుకు ఇంటివాళ్లు బయటికి వచ్చేలోపు పిల్ల సందు దాటేది.

క్రిస్మస్ సెలవులకు ముందు మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. నిజామాబాద్‌లో పసుపు మార్కెట్టు దగ్గర హమాలీల మేస్త్రీ. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. తమ్ముడి పిల్లలని చూసి కళ్లు తుడుచుకున్నాడు. నేను తలుపు చాటునే నిలబడ్డాను. బావ ముందుకు వచ్చే అలవాటు అప్పట్లో లేదు.

"ఎస్తేరూ, ముగ్గుర్ని నువ్వెట్ల సాదుతవు?" అన్నాడు. "సుశీలను మాతోని పంపు. మీ అక్కకు ఇద్దరూ మొగపిల్లలాయె. దీన్ని కన్నబిడ్డ తీర్గనే సూస్కుంటది. ఇంట్ల ఇంత ఆసరైతది గూడ. పండుగ మర్నాడు వచ్చి తీస్కపోత. అంతల బట్టలు సదిరి పెట్టు."

బడి సంగతి ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఇంట్లో ఆసరా అంటే ఏమిటో నాకు తెలుసు. బావ భార్య, నా యారాలి ఇంట్లో అంట్లు ఎన్నో, చంటివాడి గుడ్డలు ఎన్నో నేను చూశాను. అయినా కాదనడానికి నా దగ్గర ఏముంది? పొద్దున పిల్లలు తిన్న జొన్న గటక కూడా ఎవరింటి గిన్నెలోనో వచ్చిందే. "సరే బావా" అనలేదు, "వద్దు" అనలేదు. ఆయన దాన్ని సరే అనుకుని వెళ్లాడు.

బడికి సెలవులిచ్చారు. అప్పుడు తెలిసింది నాకు, బడి అనేది పిల్లల చదువు కోసమే కాదని. ముగ్గురూ ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులా ఉండదు. రాత్రి ముగ్గురికీ ఒకటే బొంత. నడుమ పడుకున్నవాళ్లకు రెండు వైపులా వెచ్చన కాబట్టి నడుమ చోటు కోసం యుద్ధం. పొద్దున నీళ్ల కాగు కింద చెరుకాకు ఎగదోసి స్నానాలు. మొదట ఎవరు పోసుకోవాలనే దాని మీద ఇంకో యుద్ధం. ఆ తర్వాత ప్రభు బాట మీద పడేవాడు. చెరుకు బండ్ల వెంట ఉరికేవాడు.

"తాతా, ఒక్క గడ ఇయ్యి తాతా."

"నమల పండ్లున్నయారా నీకు?" అనేవాడు బండి తోలే ముసలాయన.

వీడు నోరు తెరిచి చూపేవాడు. ముందు పళ్లు రెండూ లేవు. "పక్కకున్నయి సూడు, పక్కకు" అని దవడ చూపేవాడు. ఆయన నవ్వి ఒక గడ లాగి పడేసేవాడు. గడ మాట సరే, వీడు ఎక్కడ చక్రం కింద పడతాడో అని నా ప్రాణం పొలంలో కొట్టుకునేది.

రెండో రోజే సాలవ్వ గోడ మీదుగా తల పెట్టింది. "నీ మంద నాకియ్యి. గానుగ కాడికి తోల్కపోత" అంది.

"నిన్ను పని చేసుకోనియ్యరవ్వా" అన్నాను.

"నేను వాళ్లను ఉత్తగ కూసోనిస్తనా?"

కూర్చోనివ్వలేదు. గానుగకు పోయే దారిలో పల్లి చేన్లున్నాయి. పంట తవ్వేసుకుపోయారు గాని, మట్టిలో తెగిపోయిన కాయలు మిగిలే ఉంటాయి. ఏరుకునేవాళ్లను ఏ రైతూ కొట్టడు. దాన్ని పరిగె ఏరడం అంటారు మా దిక్కు. సుశీల పుల్లతో మట్టి పెళ్లగించి ఏరేది. ప్రభు ఒలిచేవాడు, ఒలిచినవాటిలో సగం వాడి కడుపులోకే పోయేవి. మణి గింజలను గౌను ఒళ్లో పోసుకుని కావలి కూర్చునేది. అన్నను చెయ్యి పెట్టనిచ్చేది కాదు, తానూ తినేది కాదు. ఇప్పటికీ దాని గుణం అదే. సాయంత్రం గానుగ దగ్గర పెనం గీకిన బెల్లం అడుగు సాలవ్వ వాటా. అది రైతు ఆమెకు ఇచ్చే మామూలు. పిల్లలకు తలా కొంచెం పెట్టి మిగిలింది ఆకులో చుట్టుకుని తెచ్చేది. నా పిల్లలు చేతులూ మొహాలూ జిగటగా, జుట్టులో మసితో, నేను వచ్చేసరికి గోడ దగ్గర వరసగా కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లు ఆకలి అనని సాయంత్రాలు అవి.

పండుగ దగ్గర పడింది. వాడంతా సున్నం వాసన. ఆ పైన నూనె వాసన. ఏ ఇంట్లో చూసినా మూకుడు. నా పిల్లలు ముక్కులు ఎగబీల్చి, ఎవరింట్లో గరిజెలో ఎవరింట్లో మురుకులో చెప్పేవాళ్లు. ఒక మాపటేళ నేను సుశీల తల దువ్వుతున్నాను. ఆ పిల్ల ముందుకే చూస్తూ అంది: "అమ్మా, నేను పెద్దబాపోళ్ల ఇంటికి పోత."

"ఎందుకే?"

"నేను పోతె ఇంట్ల ఒక ముద్ద తక్కువైతది గద. గప్పుడు గిన్నెలు గూడ తక్కువనే వస్తయి."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. బొంతలో నడుమ చోటు కోసం నిన్న రాత్రి తమ్ముడిని తన్నిన పిల్ల ఇది. గోడ అవతల చుట్ట పొగ లేచింది. సాలవ్వ విన్నదని తెలిసింది. మర్నాడు పండుగకు ముందటి రోజు, నాకు కోత లేదు. తెల్లారగానే ఆమె గానుగకు పోకుండా మా ఇంట్లోకి వచ్చింది. ఒక మూట నా ముందు పెట్టింది. అందులో అన్ని రోజులు దాచిన బెల్లం. ఇంకో మూట పిల్లలు ఏరిన పల్లీలు.

"లే. పొయ్యి ముట్టియ్యి" అంది.

"అవ్వా, ఏడాది కాలే."

"మూకుడు ఎక్కియ్యమన్ననా? నూనె పొయ్యమన్ననా? పల్లీలు పెంక మీద వేంపు. బెల్లం పాకం పట్టు. నూనె చుక్క తగలకుంట పల్లి ముద్దలు చెయ్యి. ఇప్పటిసంది ఈ ఇంట్లకెల్లి ఒక్క గిన్నె ఉత్తగ పోవద్దు."

"చావు ఇంటి గిన్నెను ఎవరేమంటరు అవ్వా?"

"ఎవరేమనరు. ఆ పిల్ల అనుకుంటున్నది. నీకు ఇనరాలే?"

పొయ్యి ముట్టించాను. పల్లీలు వేయించాను. పిల్లలు పొట్టు నలిపి ఊదారు, ఇల్లంతా పొట్టు ఎగిరింది. పాకం నా చేతికిచ్చింది సాలవ్వ. గిన్నెడు చల్లని నీళ్లు పక్కన పెట్టి, ఒక చుక్క అందులో వేసి చూడమంది. వేళ్లకు మెత్తగా ఉండ కడితే దించాలి. నేను చుక్క వేస్తూనే ఉన్నాను గాని నా కళ్లు బాట మీదికే పోతున్నాయి. ఎల్లుండి ఇదే బాటన బావ వస్తాడు, ఈ పిల్ల బట్టల మూటతో వెనక పోతుంది, అన్న ఆలోచనే. పాకం నల్లబడింది. పల్లీలు పోసి తిప్పేసరికి బండరాయిలా పట్టుకుంది. చెయ్యి పెడితే ముద్ద కావడం లేదు.

సాలవ్వ చూసి తిట్టలేదు. "పాకం సూడుమంటె తొవ్వ సూస్తున్నవు" అంది. "నీ బావ పండుగైతె గాని రాడు. పాకం ఇప్పుడే వస్తది." ఆ రాతిముద్దను పీట మీద బోర్లించి రోకలితో పగలగొట్టింది. ముగ్గురు పిల్లల నోళ్లలో మూడు పెద్ద ముక్కలు పెట్టింది. అవి కరగవు, నమలరాదు. ఆ పూటంతా మా ఇంట్లో మాట వినపడలేదు. సెలవుల్లో అంత నిశ్శబ్దం నేను ఎరుగను.

సగం సరుకు ఇంకా ఉంది. రెండోసారి బెల్లం కరిగించబోతే సాలవ్వ పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. "నేను సూడ. నువ్వే సూస్కో" అంది. ఆ వీపు మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే బాటను మరిచి పెనంలోకి చూశాను. రంగు మారుతుంటే కనబడింది, నురగ చిన్నదవుతుంటే కనబడింది. నీళ్లలో చుక్క వేళ్లకు మెత్తగా తగిలింది. దించాను. చేతులు తడి చేసుకుని వేడివేడిగా ముద్దలు కట్టాను. అరచేతులు ఎర్రబడ్డాయి. ఒక్క ముద్ద కూడా పగలలేదు. సాలవ్వ అప్పుడు ఇటు తిరిగి, ఒకటి తీసి, మణి చెవి దగ్గర పెట్టి ఊపి, "ఇంట్ల ఎవ్వరన్న ఉన్నరా?" అని అడిగింది. లోపల ఒక్క గింజా కదలలేదు. మణి నవ్వింది. నాకు దొరికిన మెప్పు అంతే.

పండుగ రోజు గిన్నెలు రావడం మొదలైంది. ప్రతి గిన్నెలోనూ వచ్చింది తీసి, కడిగి, పల్లి ముద్దలు వేసి సుశీల చేతికిచ్చాను. ఈసారి ఆ పిల్ల గడప మీద పెట్టి పారిపోలేదు. తలుపు కొట్టి, లోపలివాళ్లు వచ్చేదాకా నిలబడి, చేతికిచ్చింది. "మేమే చేసినం, పల్లీలు నేనే ఏరిన" అని చెప్పుకుంది. ఎదురింటి రత్నమ్మ మాత్రం గిన్నె పట్టుకుని మా వాకిట్లోకే వచ్చింది.

"ఏం ఎస్తేరూ, ఏడాది తిరగకముందే తీపి పనులు మొదలువెడితివి?"

నేను మాట్లాడేలోపు సాలవ్వ పొయ్యి దగ్గరి నుంచే అందుకుంది. "పొయ్యి కాడికొచ్చి వాసన సూడు రత్నా. నూనె వాసనొస్తె నా చెవి కోసిస్త. రాకపోతె ఇంకో రెండు ముద్దలు తీస్కపో, నీ మొగనికి పండ్లు గట్టిగనే ఉన్నయి గద." రత్నమ్మ నవ్వక తప్పలేదు. రెండు కాదు, మూడు తీసుకుపోయింది.

మర్నాడు బావ వచ్చాడు. చేతిలో రెండు గిన్నెల టిఫిను. నా యారాలు గరిజెలు, గారెలు పెట్టి పంపింది. వాకిట్లో మంచం వేశాం. సుశీల చెంబుతో నీళ్లిచ్చి, పళ్లెంలో పల్లి ముద్దలు తెచ్చి పెట్టింది. ఆయన ఒకటి కొరికాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"ఎవలింటియి బిడ్డా?"

"మనింటియే పెద్దబాపు."

ఆయన నమలడం ఆపి పిల్ల వైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూసి, "బట్టలు సదిరినవా ఎస్తేరూ?" అన్నాడు.

వాకిట్లో సాలవ్వ పల్లి కాయలు ఒలుస్తోంది. ఆమె మాట్లాడుతుందని చూశాను. ఆమె మెల్లగా జరిగి మా ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది. కాయలు చిట్లే చప్పుడు మాత్రం వినబడుతోంది. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. బావ ముందు అలా నిలబడడం అదే మొదలు.

"సుశీల రాదు బావా. సెలవులు కాంగనే బడికి పోతది."

"ముగ్గురు పిల్లలు. ఒక్కదానివి. ఎట్ల సాదుతవమ్మా?"

"ఎట్ల సాదుతున్ననో మీరు తింటున్నరు గద" అన్నాను.

ఆయన చేతిలో సగం కొరికిన ముద్ద ఉంది. దాన్ని చూశాడు. ప్రభు మధ్యలో దూరి, "పెద్దబాపూ, నేనొస్త. నీ ఇంట్ల నడిమిట్ల పండనిస్తవా?" అన్నాడు. ఆయనకు అది అర్థం కాలేదు గాని నవ్వాడు. నవ్విన తర్వాత ఇంక ఆ మాట ఎత్తలేదు. లేచి టిఫిను అందుకోబోయాడు. "ఉండుండ్రి బావా" అని రెండు గిన్నెలూ లోపలికి తీసుకుపోయాను. గరిజెలు, గారెలు పళ్లెంలోకి ఒంపాను. గిన్నెలు కడిగాను. మిగిలిన ముద్దలన్నీ వాటిలోకే నింపాను, మూత బలవంతంగా పట్టింది. పిల్లను తీసుకుపోదామని వచ్చిన మనిషి, నిండు టిఫిను మోసుకుంటూ బాటన పోయాడు. అది నడకకు మోగలేదు. సుశీల బాట మలుపు దాకా ఆయనతో పోయి, గెంతుకుంటూ తిరిగొచ్చింది.

ఆ రాత్రి బొంతలో నడుమ చోటు కోసం మళ్లీ యుద్ధం. సుశీలే గెలిచింది. నేను ఆపలేదు.

సుశీల చదివింది. బడిలో టీచరు అయింది. బావ తర్వాత కూడా వస్తూ పోతూ ఉన్నాడు, నా యారాలు నన్ను అడిగి మరీ పల్లి ముద్దలు చేయించుకునేది. సాలవ్వ ఆ తర్వాత ఎన్నో చలికాలాలు గానుగ దగ్గర నిలబడింది. డెబ్బైల చివర ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది. ఆమెకు ఎవరూ లేరు కదా, ఏడాది పాటించేవాళ్లు ఎవరని వాడలో అనుకున్నారు. ఎవరికీ చెప్పకుండా నేను మా మూకుడు కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టాను. ఆ ఏడు క్రిస్మస్‌కు మా పొయ్యి మీద నూనె వేగలేదు. వాడవాళ్లకు అప్పుడు అర్థమై, మా ఇంటికి గిన్నెలు పంపారు. రత్నమ్మ అందరికన్నా ముందు పంపింది. అన్నీ నిండుగానే తిరిగిపోయాయి. పెళ్లీడుకొచ్చిన సుశీలే ఇంటింటికీ ఇచ్చి వచ్చింది.

ఇప్పుడు మేముండేది నిజామాబాద్‌లో. పక్కింటివాళ్ల పేరు కూడా నాకు సరిగా తెలియదు. అయినా నిన్న ఆ గిన్నె లోపలికి తీసుకుపోయి, డబ్బాలోంచి పల్లి ముద్దలు తీసి నింపి మనవరాలి చేతిలో పెట్టాను. "తలుపు కొట్టు. వాళ్లొచ్చేదాక నిలవడు. చేతికియ్యి" అన్నాను. అది వెళ్లింది. నేను గడపలో నిలబడి చెవి ఒగ్గాను. తలుపు తెరిచిన చప్పుడైంది, ఎవరో నవ్విన చప్పుడైంది. గిన్నె మాత్రం మోగలేదు.